తెగని సీలు

సీలు తెగలేదు. సంచి మాత్రం తెగింది.

బల్ల మీదున్న గోధుమరంగు కాగితం సంచిని మళ్లీ తిప్పి చూశాను. పైమూతకి అంటించిన ఎర్ర టేపు, దాని అంచు దాటుతూ మూసినవాళ్లు రాసిన పేరు పొడి అక్షరాలు, పదకొండేళ్ల కిందట ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అడుగున మాత్రం ఎవరో కత్తెరతో సాఫీగా కోసి, లోపలున్నది తీసేసి, దాని బదులు ఇంకోటి పెట్టి, పైన కొత్త టేపు వేశారు. పని తెలిసిన చెయ్యి. నాకు నచ్చనిది అదే.

"ఎంతసేపు చూస్తావు సార్జెంట్? అది సంచి. గుడ్లు పెట్టదు," అన్నాడు బ్రెంట్ ఆస్టర్‌హౌట్.

బ్రెంట్ ఇప్పుడు షెరీఫ్ ఆఫీసులో లెఫ్టినెంటు. నేను డిటెక్టివ్ సార్జెంటుగా ఉన్న రోజుల్లో నా కిందే చేరాడు. అప్పుడు భయంతో సార్జెంట్ అనేవాడు. నా మోకాలు మొరాయించి, ఉద్యోగం వదిలేసి, ఈ కమ్యూనిటీ కాలేజీలో నేరవిచారణ పాఠాలు చెప్పుకుంటున్నప్పటి నుంచి ఎగతాళికి అంటున్నాడు. అప్పటికీ ఇప్పటికీ మారనిది ఒక్కటే, తొందర.

"పన్నెండింటికి ఆవిడ పెరోల్ ఆఫీసర్‌కి ఫోన్ చేస్తున్నాను. నీ మీద గౌరవంతో అప్పటిదాకా ఆగుతున్నా."

"గౌరవం అక్కర్లేదు. బుర్ర వాడితే చాలు."

"సామాను గది తాళంచెవి నిన్న ఎవరి దగ్గరుంది? జోలీన్ కాస్టో దగ్గర. దొంగతనానికి జైలుకెళ్లొచ్చింది ఎవరు? జోలీన్ కాస్టో. ఇంకా బుర్ర దేనికి?"

"వాచీ మారిపోయిందని మొదట చెప్పిందెవరు?"

"అదీ ఆవిడే. ముందుగా అరిస్తే తన మీదికి రాదని లెక్కేసుకుంది. జైల్లో ఇలాంటివే నేర్పుతారు."

కోపం నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. బ్రెంట్‌తో అరిస్తే అతనికి పండగ.

సంగతి పెద్దదేం కాదు, పైకి చూస్తే. షెరీఫ్ ఆఫీసు నేలమాళిగ ఖాళీ చేస్తూ, మూసేసిన కేసుల సామాను ఒక పెట్టెడు మాకు ఇచ్చేసింది, విద్యార్థులు సాధన చేసుకోడానికి. అందులో ఒక సంచిలో క్వారీ చెరువు గట్టున దొరికిన చేతి గడియారం ఉంది. లోవెల్ టిబ్స్ అనే లారీ డ్రైవర్ ఆ చెరువులో మునిగిపోయాడు. తాగి జారిపడ్డాడని తేల్చి మూసిన కేసు. మావాడు అని వచ్చేవాళ్లెవరూ లేక అతని సామాను అక్కడే మూలపడింది. పాత వాచీ, విలువ లేనిది. దాని కోసం ఎవరైనా ఇంత కష్టపడతారా?

జోలీన్ విషయంలో మాత్రం చాలా విలువే ఉంది. ఆమె పెరోల్ ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. కూతురు టెస్సా ఈ మధ్యే పరాయివాళ్లింటి నుంచి తల్లి దగ్గరికి వచ్చింది. దొంగతనం అన్న మాట ఒక్కటి కాగితం మీదికెక్కితే జోలీన్ మళ్లీ లోపలికి, ఆ పిల్ల మళ్లీ పరాయింటికి.

"నేనొకసారి మాట్లాడతాను," అన్నాను.

"మాట్లాడు. నేను కాంటీన్‌లో శాండ్‌విచ్ తిని వస్తా. ఆవిడ కిటికీలోంచి దూకితే పట్టుకో."

"ఇది కింది అంతస్తు బ్రెంట్. దూకినా నీకంటే నెమ్మదిగానే వెళుతుంది."

అతను నవ్వకుండా వెళ్లిపోయాడు.

*

జోలీన్ నా ఎదురుగా కూర్చుంది. వృద్ధాశ్రమంలో బట్టలుతికే పని చేసి నేరుగా వచ్చేసినట్టుంది, చొక్కాకి సబ్బు వాసన ఇంకా పోలేదు. ముప్ఫై నాలుగేళ్లది. నా క్లాసులో మొదటి వరసలో కూర్చుని, అర్థం కానిది మొహమాటం లేకుండా అడిగేది ఆమె ఒక్కతే.

"నేను తియ్యలేదు ప్రొఫెసర్."

"తీశావా అని అడగలేదు. వారం కిందట ఆ సంచి నీ చేతికిచ్చి, కిటికీలోంచి కనబడింది కనబడినట్టు చెప్పమన్నాను గుర్తుందా?"

మా సంచులకి ఒక పక్క సన్నటి పారదర్శకమైన పట్టీ ఉంటుంది. తెరవకుండానే లోపలున్నది చూడొచ్చు. అదే కిటికీ.

"ఉంది. మగాళ్ల వాచీ. తెల్ల డయలు, అద్దం పగిలింది. తోలు పట్టీ."

"ఇవాళ ఉన్నదీ అదే కదా?"

"కాదు. ఇవాళ్టిదీ తెల్ల డయలే, అద్దమూ పగిలింది. కానీ పట్టీ వేరు." ఆమె తన మణికట్టు మీద వేలితో గీసి చూపించింది. "దానికి కంపెనీ వేసిన బెజ్జాలు కాకుండా, బాగా లోపలికి ఇంకో బెజ్జం ఉంది. గుండ్రంగా లేదు, చీలికలా ఉంది. మేకుతోనో చాకు మొనతోనో పొడిచినట్టు. ఆ బెజ్జం బాగా సాగిపోయింది కూడాను. అంటే రోజూ దానికే పెట్టుకునేవాడు. అంత సన్నటి చెయ్యి ఎవరిదా అనుకున్నాను."

"గద్ద కళ్లమ్మా నీవి!"

ఇద్దరం తలతిప్పాం. గుమ్మంలో వెండెల్ క్రౌజ్ మూడు కప్పుల కాఫీ అట్టపెట్టెలో పెట్టుకుని నిలబడ్డాడు. మా కోర్సుకి పెద్ద వెండెల్. అంతకుముందు పద్నాలుగేళ్లు నా జంట డిటెక్టివు. నాకు వచ్చిన విద్యలో సగం అతను నేర్పిందే. భార్య పోయాక ఏటా క్రిస్మస్ భోజనానికి మా ఇంటికే వస్తాడు. కంటి శుక్లం తీయించుకుని వారం సెలవులో ఉండి బుధవారమే తిరిగొచ్చాడు. ఎడమ కంటికి ఇంకా నల్ల పట్టీ ఉంది.

"తీసుకో జోలీన్, రెండు చెంచాల పంచదార. బ్రెంట్ మాటలు పట్టించుకోకు. వాడు పుట్టినప్పుడే ఎవరినో అనుమానించుంటాడు."

జోలీన్ మొదటిసారి నవ్వింది. కప్పు అందుకుంది. వెండెల్ లాంటి మనిషి ఒకడు పక్కన లేకపోతే నేనీ కాలేజీలో ఒక్క ఏడాది కూడా నిలిచేదాన్ని కాదు.

"మళ్లీ చూస్తే ఆ వాచీని గుర్తుపడతావా?" అన్నాడు వెండెల్ మామూలుగా.

"ఎక్కడున్నా గుర్తుపడతాను సర్."

"మంచిది. కోర్టులో అడిగితే ఇలాగే చెప్పాలి."

నేను మళ్లీ అందుకున్నాను. "నిన్న తాళంచెవి నీకెందుకు?"

"టెస్సాకి ఆయాసం వచ్చి ఆసుపత్రిలో ఉన్న రోజు, సంచులు తెరవడం, మూయడం పాఠం పోయింది కదండీ. ఖాళీ సంచుల మీద సాధన చేసుకుంటానంటే క్రౌజ్ గారు తాళంచెవి ఇచ్చి వెళ్లారు. ఒక్కదాన్నే కూర్చుని చేశాను. మళ్లీ తాళంవేసి, మధ్యాహ్నం ఆయనకే ఇచ్చేశాను."

"అవును, ఇచ్చింది," అన్నాడు వెండెల్. "పొరపాటు నాదే. పక్కన ఎవరినైనా ఉంచాల్సింది."

"ఆ సాధన చేసిన సంచులేం చేశావు?"

"అక్కడే, డబ్బాలో. పారేయాలా వద్దా తెలీక ఉంచేశాను."

నేను లేచాను. మోకాలు కలుక్కుమంది గానీ ప్రాణం లేచొచ్చింది.

*

సామాను గదిలో బ్రెంట్ నా వెనకే నిలబడి పళ్లు కుట్టుకుంటున్నాడు. మూలనున్న డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాను. నాలుగైదు ఖాళీ సంచులు జారిపడ్డాయి. అన్నిటికీ పైమూత మీద టేపు వేసుంది, జోలీన్ పొడి అక్షరాలున్నాయి. అన్నిటికీ టేపు మధ్యలోంచి అడ్డంగా, నిర్దయగా కత్తెర దిగింది.

"చూశావా?"

"చెత్తబుట్ట చూపించడానికి పిలిచావా?"

"నీకు మొదటి వారం నేనేం నేర్పాను బ్రెంట్? మూసిన సంచి తెరవాల్సొస్తే ఎక్కడ కోస్తావు?"

అతని నోట్లో పుల్ల ఆగింది. జవాబు నోటికొచ్చిన ఎక్కంలా వచ్చింది.

"సీలు లేని చోట. వేరేవాళ్ల సీలు మీద కత్తెర పెట్టకూడదు."

"ఎందుకని?"

"మనకంటే ముందు ఎవరు మూశారో చెప్పే గుర్తు అదొక్కటే కనక. వేరేచోట కోసి, పనయ్యాక టేపు వేసి, సగం టేపు మీదా సగం కాగితం మీదా పడేట్టు పొడి అక్షరాలు రాయాలి. నాకెందుకు పరీక్ష పెడుతున్నావు?"

"ఎందుకంటే జోలీన్‌కి ఆ పాఠం రాదు. ఆ రోజు క్లాసులో లేదు. నిన్న ఒంటరిగా కూర్చుని, సీలు కనబడగానే సీలు మీదే కోసింది, అన్నిసార్లూ. బయటివాళ్లెవరైనా అంతే చేస్తారు, మూతున్న చోటే తెరుస్తారు. అదే పిల్ల, అదే రోజు, అదే గదిలో ఈ ఒక్క సంచిని మాత్రం నీలాగా నాలాగా అడుగున కోసిందంటావా?"

బ్రెంట్ సంచి తీసుకుని అడుగున చూశాడు. పైమూత మీది పాత అక్షరాలు అతనివే. ఆ రోజు చెరువు గట్టున వాచీ ఏరి సంచిలో వేసిన కుర్ర డెప్యూటీ అతనే మరి.

"దొంగెవడైనా అడుగునే కోస్తాడు. కనబడదు కదా."

"సరే. మరి ఈ గీతేమిటి?"

అడుగున వేసిన కొత్త టేపు అంచు మీద నల్ల మార్కరు గీత ఒకటుంది. వేలిగోరంత. వాలుగా, ఏదో అక్షరానికి మొదలులా.

"పెన్ను జారుంటుంది."

"చెయ్యి జారింది బ్రెంట్. ఏళ్ల తరబడి టేపు వేయగానే పొడి అక్షరాలు రాసిన చెయ్యి. దొంగతనం చేస్తూ కూడా అలవాటుగా సంతకానికి దిగిపోయింది. మొదటి గీత పడ్డాక స్పృహ వచ్చి ఆగింది. నిన్నగాక మొన్న చేరిన జోలీన్‌కి అంత అలవాటు ఎక్కడిది?"

అతను సంచిని మెల్లగా బల్ల మీద పెట్టాడు. తప్పు ఒప్పుకోవడం అతనికి పన్ను పీకించుకోవడంతో సమానం, నాకు తెలుసు.

"అయితే ఎవరు? నీ పాత విద్యార్థులా?"

"ఇంకా తెలీదు."

"తెలీదు అన్న మాట జడ్జి దగ్గర చెల్లదు సార్జెంట్. నేను ఫోన్ వాయిదా వేస్తున్నా, అంతే, మానెయ్యడంలేదు. ఒంటిగంటకి ఆవిడ ఇక్కడ ఉండాలి."

బయట వసారాలో జోలీన్ గడియారం వంక చూస్తూ నిలబడి ఉంది. ఇవాళ శుక్రవారం, టెస్సా బడి పెందలాడే వదిలేస్తారు. జోలీన్ తన కారు బాగుచేయడానికిచ్చి బస్సులో వచ్చింది.

"నా ట్రక్కులో తీసుకెళ్లి, పిల్లని ఎక్కించుకుని, ఒంటిగంటకల్లా ఇక్కడ దింపుతాను," అన్నాడు వెండెల్, తాళాలు ఎగరేసి పట్టుకుంటూ. "పూచీ నాది లెఫ్టినెంట్. సరేనా?"

బ్రెంట్ భుజాలెగరేసి పార్కింగులో ఉన్న తన కారు దగ్గరికి వెళ్లాడు. జోలీన్ నా దగ్గరికొచ్చి గభాలున నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను నమ్మినందుకు, ప్రొఫెసర్..."

"పో పో, పిల్ల ఎదురుచూస్తుంటుంది," అన్నాను. ఇంకో మాట మాట్లాడితే కళ్లు తుడుచుకోవాల్సొచ్చేది.

*

గదిలో ఒంటరిగా కూర్చుని భూతద్దం తీశాను. ఇంతసేపూ గీత ఉందా లేదా అనే చూశాను. ఎటునుంచి ఎటు పడిందో చూడలేదు.

మార్కరు ఆనించిన చోట సిరా ఊరి చుక్క కడుతుంది. ఎత్తేసిన చోట పలచబడి తోకలా సాగుతుంది. ఈ గీతకి చుక్క కాగితం మీదుంది. తోక టేపు మీదుంది. అంటే కాగితం మీద మొదలుపెట్టి టేపు మీదికి వచ్చాడు.

భూతద్దం కింద పెట్టాను. మళ్లీ తీసుకున్నాను. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చూశాను. చుక్క కాగితం మీదే ఉంది.

మా విద్యార్థులందరూ టేపు మీద మొదలుపెట్టి కాగితం మీద ముగిస్తారు. బ్రెంటూ అంతే, పైమూత మీదున్న అతని అక్షరాలు అలాగే ఉన్నాయి. ఇప్పటి టేపు సిరాని వెంటనే పట్టుకుంటుంది. మా రోజుల్లో వచ్చిన టేపు వెధవది, నూనె రాసినట్టుండేది. దాని మీద నేరుగా రాస్తే పెన్ను కదిలేదే కాదు. అందుకని ముందు కాగితం మీద ఆనించి, సిరా దిగాక టేపు మీదికి లాగేవాళ్లం. ఆ టేపు పోయి చాలా ఏళ్లయింది. అలవాటు పోలేదు. నేను ఇప్పటికీ అలాగే రాస్తాను. పిల్లలు నవ్వుతారు కూడా.

ఈ కాలేజీలో అలా రాసేవాళ్లం ఇద్దరమే. ఒకదాన్ని నేను. నేను తియ్యలేదు.

రెండో మనిషి ఇందాక నా కాఫీలో పాలు ఎన్ని చుక్కలు వేయాలో అడక్కుండానే వేసి తెచ్చాడు.

కాదనుకోడానికి శాయశక్తులా ప్రయత్నించాను. కంటి ఆపరేషన్‌కి వెళ్లకముందు ఆ పెట్టె మాకు రాలేదు. తిరిగొచ్చాకే చూశాడు. నిన్న తాళంచెవి జోలీన్‌కి ఇచ్చింది అతనే, తిరిగి తీసుకుందీ అతనే. పెరోల్ మీదున్న మనిషి చేతిలో ఒక పూట తాళం ఉంటే, తర్వాత ఏది పోయినా ఎవరి మీదికి వెళుతుందో ముప్ఫైయేళ్లు డిటెక్టివుగా చేసినవాడికి ఒకరు చెప్పాలా?

ఇక ఆ వాచీ. లోవెల్ టిబ్స్‌ని నీళ్లలోంచి లాగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎద్దులాంటి మనిషి. నా రెండు చేతులూ చుట్టినా అతని మణికట్టు అందేది కాదు. బాగా లోపలికి పొడిచిన బెజ్జంతో అతను వాచీ పెట్టుకోవడం జరిగే పని కాదు. వెండెల్‌ది మొదటి నుంచీ పుల్లలాంటి చెయ్యి. ఏ వాచీ పెట్టినా మోచేతిదాకా జారుతుందని మేం ఆటపట్టించేవాళ్లం. చాకు మొనతో పట్టీలకి బెజ్జాలు పొడుచుకునేవాడు. చెరువు దగ్గర బ్రెంట్ దాన్ని ఏరి సీలు వేసేసరికి, అది చనిపోయినవాడిదే అని రాయించింది కూడా వెండెలే. అంటే లోవెల్ తనంతట తాను జారిపడలేదు, వెండెల్ చేతి వాచీ ఆ పెనుగులాటలోనే ఊడింది. అతనికి షెరీఫ్ ఆఫీసు నేలమాళిగలోకి దొంగతనంగా వెళ్లే వీల్లేక ఇన్నేళ్లూ ఊరుకున్నాడు. ఇప్పుడది తనంతట తనే నడిచి అతని ఇంటికి వచ్చింది.

ఆ బెజ్జాన్ని కళ్లారా చూసి గుర్తుపెట్టుకున్న మనిషి లోకంలో ఒక్కతే ఉంది. మళ్లీ చూస్తే ఎక్కడున్నా గుర్తుపడతానని అతని మొహం మీదే చెప్పింది. ఇప్పుడు అతని ట్రక్కులో అతని పక్కన కూర్చుని ఉంది.

వెండెల్ సెల్‌కి కొట్టాను. ఎత్తాడు. గొంతు హాయిగా ఉంది.

"చెప్పు వెర్నా. నడుపుతున్నా, స్పీకర్‌లో పెట్టాను."

అతని గొంతు వెనక టైర్ల కింద కంకర పటపటలాడుతోంది. టెస్సా బడికి వెళ్లే దారంతా తారు రోడ్డు. ఈ చుట్టుపక్కల కంకర ఉన్నది క్వారీ దారిలోనే.

"ఎక్కడున్నారు?"

"ఇది దగ్గరదారట ప్రొఫెసర్," అంది జోలీన్ సంతోషంగా. "నాకు తెలీనే తెలీదు."

బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. అరిస్తే ఆమె బతకదు. వెనక్కి రమ్మని బతిమాలినా బతకదు. వెండెల్ వెనక్కి తిరగాలంటే, తిరగడమే అతనికి లాభం కావాలి. ఆమె మాటకి విలువ లేదని అతనికి తెలియాలి. ఆ మాట నా నోటితోనే రావాలి, నమ్మాలంటే.

"వెండెల్, నేనొట్టి వెర్రిదాన్ని," అన్నాను. "బ్రెంట్ చెప్పిందే నిజం. జోలీన్ లాకరులో కత్తిరించిన టేపు ముక్కలు దొరికాయి. ఆమే తీసింది."

అవతల కంకర ఇంకా పటపటలాడుతూనే ఉంది.

"ఆ బెజ్జం సంగతంతా కట్టుకథట. మన కళ్లల్లో దుమ్ముకొట్టడానికి అల్లింది. ఒకసారి జైలుకెళ్లొచ్చినదాని మాట ఏ కోర్టులో ఎవడు నమ్ముతాడు? బ్రెంట్ సంకెళ్లు పట్టుకుని కూర్చున్నాడు. తిప్పుకుని తీసుకొచ్చెయ్. ఈ పీడ ఇవాళ్టితో వదిలిపోతుంది."

"ప్రొఫెసర్?" అంది జోలీన్. గొంతు చిన్నపిల్లలా ఉంది. "మీరు కూడానా? ఇందాకే కదా మీరు... నేను తియ్యలేదండీ, టెస్సా మీద ఒట్టు."

"నోర్ముయ్," అన్నాను. ఆ మాట అనడానికి నాలో ఉన్న బలమంతా కావాల్సొచ్చింది.

వెండెల్ ఊపిరి వదలడం వినిపించింది. తర్వాత ట్రక్కు నెమ్మదించింది.

"పాపం, మంచిపిల్లే అనుకున్నాను," అన్నాడు జాలిగా. "సరే వెర్నా. తీసుకొస్తున్నా."

మలుపు దీపం టిక్కుటిక్కుమనడం మొదలైంది. దాని వెనక జోలీన్ ఏడుపు సన్నగా వినిపిస్తోంది. సెల్ చెవికి అలాగే ఆనించుకుని, రెండో చేత్తో బల్ల మీది ఫోన్ ఎత్తి, బ్రెంట్ నంబర్ నొక్కాను.